గొలుసు పట్టిన రాయబారి

మా బంగారుపాళ్యం నుంచి పలమనేరు వైపు బస్సులో వెళ్ళే వారందరికీ మొగిలి ఘాటు సుపరిచితమే. రెండు వైపులా కొండలు, నడుమ మెలికలు తిరుగుతూ పైకెక్కే రోడ్డు, బరువుతో మూలిగే లారీలు. రోజూ ఆ దారిన పోయే మనకు అది వట్టి రోడ్డే. కాని 1791 ఫిబ్రవరిలో ఇదే కనుమ గుండా కారన్‌వాలిస్ ప్రభువు సైన్యం టిప్పు సుల్తాను రాజ్యంలోకి ఎక్కిపోయింది. శత్రువు ఆంబూరు వైపునుంచి వస్తాడని సుల్తాను ఎదురుచూస్తుండగా, ఆ సైన్యం చిత్తూరు మీదుగా మళ్ళి, మొగిలి కనుమ దాటి, పలమనేరు, కోలారుల మీదుగా బెంగుళూరు చేరింది.

సైన్యం కొండ ఎక్కడమంటే మనుషులు నడిచిపోవడం మాత్రమే కాదు. ఫిరంగులు ఎక్కాలి, గుండ్లు ఎక్కాలి, వేల ఎద్దులకు నీరూ మేతా దొరకాలి. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ బండను పగలగొట్టాలో, ఏ చెరువులో ఎన్నాళ్ళకు నీళ్ళున్నాయో ముందే తెలిసి ఉండాలి. ఇది చూసేవాడు సైనిక ఇంజనీరు. కోట కట్టడం, కోట కూల్చడం, దారి వేయడం, దారి కొలవడం అతని విద్యలు. ఆ యుద్ధంలో పనిచేసిన ఇంజనీర్లలో ఒకరి జీవితమే ఈ వారం మనం చెప్పుకోబోయేది. ఆయన పేరు కాలిన్ మెకంజీ.

కైఫీయతులు అనే మాట విన్నవారికి మెకంజీ పేరు తెలిసే ఉంటుంది. ఆయనకు రాయబారి అన్న ఉద్యోగం గాని బిరుదు గాని ఎన్నడూ లేదు. అయినా ఆయన జీవితాన్ని మొదటినుంచి చివరివరకు చూస్తే, చేతిలో గొలుసు పట్టుకొని భూమి కొలవడానికి బయలుదేరిన సైనికుడు, క్రమంగా ఒకరి భాష ఒకరికి తెలియని జనాల మధ్య నిలబడి మాట మోసే మనిషిగా మారడం కనిపిస్తుంది. రాయబారం అంటే మనకు వెంటనే కౌరవసభలో కృష్ణుడు గుర్తుకొస్తాడు. రాజసభల్లో నడిచే రాయబారం ఒకటి. ఊరి రచ్చబండ దగ్గర నడిచే రాయబారం మరొకటి. మెకంజీ రెండో రకంలో ఆరితేరాడు.

ద్వీపం నుంచి మదరాసుకు

స్కాట్లండుకు వాయవ్యంగా సముద్రంలో లూయిస్ అనే ద్వీపం ఉంది. అక్కడి స్టోర్నోవే రేవు పట్టణంలో 1754లో మెకంజీ జన్మించాడు. తండ్రి మర్డోక్ మెకంజీ వ్యాపారి, ఆ ఊరి మొదటి పోస్టుమాస్టరు. కాలిన్ కొంతకాలం అదే రేవులో సుంకాల శాఖ ఉద్యోగిగా పనిచేశాడు. చిన్నప్పటి నుంచి లెక్కల మీద ఆసక్తి మెండు.

ఆ ఆసక్తే ఆయనను హిందూదేశం వైపు తిప్పింది. లాగరిథములను కనిపెట్టిన జాన్ నేపియర్ వంశీయుడైన ఫ్రాన్సిస్ నేపియర్ ప్రభువు తన పూర్వీకుని జీవితచరిత్ర రాయాలని సంకల్పించాడు. దానికోసం హిందువుల గణితశాస్త్రం గురించి తెలుసుకోవలసి వచ్చింది. ఆ సమాచారం సేకరించే పనిలో యువకుడైన మెకంజీ సహాయం తీసుకున్నాడు. 1773లో నేపియర్ చనిపోయాడు, పుస్తకం ఆగిపోయింది. కాని మెకంజీ మనసులో పడిన విత్తనం ఆగలేదు.

1783 సెప్టెంబరు 2న ఆయన మదరాసులో ఓడ దిగాడు. అప్పటికి ముప్పై ఏళ్ళకు దగ్గర పడ్డాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరే కుర్రవాళ్ళు సాధారణంగా పదహారు పదిహేడేళ్ళ వాళ్ళు. ఆ వయసులో అట్టడుగు హోదాతో మొదలుపెట్టాలంటే ఎంతో నమ్మకం కావాలి. మొదట కాల్బలంలో కాడెట్టుగా చేరి, 1786లో ఇంజనీర్ల దళంలోకి మారాడు.

వచ్చిన కొత్తలోనే ఆయనకు మదురై నుంచి పిలుపు వచ్చింది. నేపియర్ కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ అక్కడ ఉండేది. తండ్రి మొదలుపెట్టిన పనిని ఆమె మరచిపోలేదు. మదురై పండితులను పిలిపించి మెకంజీకి పరిచయం చేసింది. వారితో మాట్లాడిన ఆ రోజుల్లోనే, ఈ దేశపు విద్యనూ చరిత్రనూ సేకరించాలన్న ఆలోచన ఆయనలో స్థిరపడింది. అయితే ఆలోచన వేరు, ఉద్యోగం వేరు. తర్వాత పుష్కరకాలం పాటు ఆయన చేసినదంతా దాదాపు సైనికుని పనే. దిండిగల్లు, కోయంబత్తూరు, నెల్లూరు, గుంటూరు సీమల్లో దారులు కొలుస్తూ, యుద్ధాలు వచ్చినప్పుడు కోటల ముందు కందకాలు తవ్విస్తూ తిరిగాడు. 1793లో పుదుచ్చేరి ముట్టడిలో ఉన్నాడు. 1796లో డచ్చివారి నుంచి కొలంబో పట్టుకున్నప్పుడు ఇంజనీర్లకు నాయకుడుగా ఉన్నాడు. ఆ కాలమంతటా ఆయనకు దేశభాష ఏదీ సరిగా రాలేదు. ఈ లోటు గుర్తుంచుకోవాలి. ఆయన జీవితంలో తర్వాత వచ్చిన మలుపు దీనినుంచే పుట్టింది.

నిజాము సీమలో

1792లో శ్రీరంగపట్టణం సంధి జరిగింది. టిప్పు రాజ్యంలో సగం పోయింది. కడప, గంజికోట సీమలు నిజాము వంతుకు వచ్చాయి. ఎవరి హద్దు ఎక్కడో, ఏ కనుమ ఎవరి వైపు తెరుచుకుంటుందో చెప్పే పటం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ పని మీద కారన్‌వాలిస్ మెకంజీని నిజాము రాజ్యంలోకి పంపాడు.

ఇది చాలా సున్నితమైన పని. నిజాము కంపెనీకి మిత్రుడు. కాని మిత్రుని ఇంట్లోకి వచ్చి గదులు కొలిచే అతిథిని ఎవరు నమ్ముతారు? ఈరోజు పటం గీసినవాడు రేపు ఫిరంగి తెస్తాడన్న భయం అధికారులకు ఉంటుంది. కొలత పడితే శిస్తు పెరుగుతుందన్న భయం రైతుకు ఉంటుంది. ఈ రెండు భయాలూ ఉత్త భయాలు కావని తర్వాతి చరిత్ర చెప్పింది. 1800లో నిజాము ఆ సీమలను కంపెనీకే వదులుకున్నాడు. అవే దత్తమండలాలు, మన రాయలసీమ.

అటువంటి చోట మెకంజీ ఏళ్ళ తరబడి పనిచేయగలిగాడంటే కారణం ఆయన తుపాకీ కాదు. ఊళ్ళోకి పోయి మొదట దారి అడిగాడు, తర్వాత పేరు అడిగాడు, ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగాడు. 1794 మార్చిలో నల్లమల అడవి దాటి శ్రీశైలం వెళ్ళాడు. ఆలయ ప్రాకారం గోడల మీది శిల్పాలను ఓపికగా పరిశీలించి రాసుకున్నాడు. ఆ యాత్రాకథనం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. 1796 నాటికి నిజాము రాజ్యానికంతటికీ ఒక పటం తయారుచేసి ఇచ్చాడు.

1797లో మరొక ముఖ్యమైన సంఘటన. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని కృష్ణ ఒడ్డున అమరావతికి మార్చుకొని కొత్త పట్నం కట్టుకుంటున్నాడు. కట్టడానికి ఇటుకలూ రాళ్ళూ కావాలి. దగ్గర్లోనే దీపాలదిన్నె అని ఒక పెద్ద దిబ్బ ఉంది. తవ్వుతుంటే చలువరాతి పలకలు, వాటి మీద బొమ్మలు బయటపడసాగాయి. ఆ సంగతి విని మెకంజీ అక్కడికి వెళ్ళాడు. అది బౌద్ధ మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. కాని అది సామాన్యమైనది కాదని గ్రహించాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 1816 నుంచి 1818 మధ్య, చిత్రకారులను వెంటబెట్టుకొని తిరిగివచ్చి ఒక్కొక్క పలకను కొలిచి గీయించాడు. అప్పటికే ఎన్నో పలకలు చెరువు గట్లకూ, గోడలకూ పోయాయి. మిగిలినవి కూడా తర్వాత చెల్లాచెదురయ్యాయి. ఈనాడు కొన్ని మదరాసు మ్యూజియంలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. కొన్ని ఎక్కడా లేవు. అటువంటి వాటికి మెకంజీ గీయించిన బొమ్మలే మిగిలిన సాక్ష్యం.

బొర్రయ్య అనే తలుపు

1796లో, కొలంబో నుంచి తిరిగివచ్చాక, మెకంజీకి కావలి వెంకట బొర్రయ్య అనే తెలుగు బ్రాహ్మణ యువకుడు తోడయ్యాడు. ఊరు ఏలూరు. వయసు ఇరవై దాటలేదు. తెలుగు, సంస్కృతంతో పాటు మరికొన్ని భాషలు తెలుసు, ఇంగ్లీషు వచ్చు. అన్నిటినీ మించి ఎదుటివారిని నొప్పించకుండా మాట రాబట్టే నేర్పు ఉంది. మదురై నాటి కోరిక పదమూడేళ్ళపాటు ఎందుకు నెరవేరలేదో మెకంజీకి అప్పుడు అర్థమైంది. ఆయనకు కావలసినవి ఉత్తరువులు కావు, తలుపు తీసే మనిషి. దేశీయ విద్యల వాకిలి తనకు తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ తర్వాత స్వయంగా రాసుకున్నాడు. దొరలు తమ కింది ఉద్యోగుల పేర్లు ఎత్తడం అరుదైన ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

1799లో నాలుగో మైసూరు యుద్ధం వచ్చింది. శ్రీరంగపట్టణం ముట్టడిలో కావేరి ఉత్తరపు గట్టున ఫిరంగి దిబ్బలు కట్టించిన ఇంజనీరు మెకంజీయే. మే 4న కోట పడింది, టిప్పు మరణించాడు. యుద్ధం ముగిశాక మైసూరు రాజ్యాన్ని కొలిచే పని ఆయనకు అప్పగించారు. సుమారు 40,000 చదరపు మైళ్ళ సీమ. మలేరియా, దారులు లేని అడవులు, దోచుకొనే మూకలు. సహాయకులు పలువురు జ్వరాలతో పనికి దూరమయ్యారు. పైగా పని మొదలైన కొద్దికాలానికే కంపెనీ ఖర్చులు కత్తిరించింది. ఆయన మాత్రం ఆగలేదు. చరిత్రల సేకరణకైన ఖర్చులో ఎక్కువ భాగం తన జీతం నుంచే పెట్టుకున్నాడు.

సర్వే అంటే గొలుసూ, కోణాలు కొలిచే యంత్రమూ పట్టుకొని పటం గీయడం అని మనం అనుకుంటాం. మెకంజీ దానికి మరొక అర్థం చెప్పాడు. నేల ఎంత ఉందో రాస్తే చాలదు, ఆ నేల మీద ఎవరు బ్రతికారో, ఎలా వచ్చారో, చెరువు ఎవరు తవ్వించారో, అగ్రహారం ఎవరు ఇచ్చారో, దేవుడు ఎలా వెలిశాడో కూడా రాయాలన్నాడు. బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి, జైన పండితుడు ధర్మయ్య, నారాయణరావు మొదలైనవారు ఊరూరా తిరిగారు. కరణం ఇంటి కవిలెలు విప్పించారు. గుడి గోడల మీది శాసనాలు ఎత్తి రాశారు. పూజారినీ, పెద్దకాపునూ, ముసలివారినీ కూర్చోబెట్టుకొని చెప్పించుకున్నారు. ఇలా పుట్టినవే కైఫీయతులు. ఆ మాటకు అర్థం వివరం, సంగతి అని. ఊరి సంగతి ఊరివాళ్ళే చెప్పగా రాసుకున్నది కైఫీయతు.

ఇందులో ఒక సంగతి గమనించదగ్గది. అప్పటివరకు చరిత్ర అంటే రాజుల వరుస. కైఫీయతులో రాజు వస్తాడు పోతాడు, ఊరు మాత్రం నిలిచి ఉంటుంది. ఫలానా చోట అడవి కొట్టి మొదటి గుడిసె వేసినవాడి పేరు దానిలో ఉంటుంది. చెరువు తెగిపోయిన ఏడు ఉంటుంది. రెండు కులాల తగవు ఉంటుంది. పాలెగాని వంశం ఎలా పైకి వచ్చిందో, ఎలా చితికిపోయిందో ఉంటుంది. మన సీమలో పాళెం అని, పాళ్యం అని ముగిసే ఊళ్ళు ఎన్నో. పాలెగాడు తన బలగంతో దిగిన చోటు పాళెం. చిత్తూరు పాలెగాళ్ళలో బంగారి పాలెగాడు ఒకడు. ఈ పేర్ల వెనుక ఒక చరిత్ర ఉందని అడిగే అలవాటు మనకు నేర్పినవారిలో మెకంజీ ముందువరుసలో ఉన్నాడు.

1803లో బొర్రయ్య చనిపోయాడు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. అన్న వదిలిన పని లక్ష్మయ్య భుజానికెత్తుకున్నాడు. మెకంజీ బ్రతికి ఉన్నంతకాలం ఆయన పక్కనే ఉన్నాడు.

జావాలో

1810లో మెకంజీ మదరాసు రాజధానికి సర్వేయరు జనరలుగా నియమితుడయ్యాడు. ఆ పదవిలో ఆయనే మొదటివాడు. ఆఫీసులో కుదురుకోకముందే జావా దండయాత్ర వచ్చిపడింది. ఆ కాలంలో ఫ్రెంచివారు హాలెండును మింగేశారు. దానితో డచ్చివారి జావా ద్వీపం కూడా ఫ్రెంచివారి చేతికింద ఉంది. 1811 ఆగస్టులో కంపెనీ సైన్యం బటావియా దగ్గర దిగింది. ఎక్కడ దిగాలో తీరమంతా ముందుగా చూసివచ్చిన ఇంజనీరు మెకంజీ. ఆగస్టు 26న కోర్నెలిస్ కోట పడింది.

యుద్ధం ముగిశాక ఆయన పని మరో రూపం ధరించింది. గవర్నరుగా వచ్చిన రాఫిల్స్, ద్వీపంలోని భూముల హక్కులను, శిస్తులను విచారించే కమిషనుకు మెకంజీని అధ్యక్షుడుగా నియమించాడు. ఓడిపోయిన డచ్చి అధికారులు ఒకవైపు, జావా ప్రభువులూ రైతులూ మరొకవైపు, గెలిచిన ఇంగ్లీషువారు ఇంకొకవైపు. ముగ్గురికీ ముగ్గురి మీదా అనుమానం. ఇంజనీరుగా ఓడ ఎక్కినవాడు, ఆ ముగ్గురి మధ్య కూర్చొని కాగితాలు చదివించి, వాంగ్మూలాలు తీసుకొని, ఎవరిది ఏ హక్కో తేల్చే మధ్యవర్తిగా మారాడు. ఓడిన డచ్చివారు సైతం ఆయనకు తమ పత్రాలు చూపి సహకరించారు. 1812లో బటావియాలోనే సింహళంలో పుట్టిన డచ్చి యువతి పెట్రోనెల్లా బార్టెల్స్‌ను వివాహమాడాడు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు.

నిజం చెప్పుకోవాలంటే ఈ ఘట్టంలోనే ఆయన జీవితంలోని మచ్చ కూడా కనిపిస్తుంది. 1812 జూన్ 20న ఇంగ్లీషు సైన్యం యోగ్యకర్త సుల్తాను కోటను ముట్టడించి దోచుకొంది. కోటలోని గ్రంథాలయం ఖాళీ అయింది. ఆ గ్రంథాలు రాఫిల్స్, క్రాఫర్డ్, మెకంజీల చేతుల్లోకి వెళ్ళాయి. మన ఊళ్ళలో అడిగి రాయించుకున్న మనిషి, అక్కడ అడగకుండా తెచ్చుకున్నవాటిలో వాటా పుచ్చుకున్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత, 2019లో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఆ గ్రంథాలలో డెబ్బైఅయిదింటి ఛాయాప్రతులను యోగ్యకర్త సుల్తానుకు అందజేసింది. అసలు ప్రతులు మాత్రం లండన్‌లోనే ఉన్నాయి.

చివరి ప్రయాణం

1815లో మెకంజీ భారతదేశానికంతటికీ మొదటి సర్వేయరు జనరలు అయ్యాడు. మరుసటి సంవత్సరం థామస్ హికీ అనే చిత్రకారుడు ఆయన చిత్తరువు గీశాడు. ఎర్ర కోటుతో దొర నడుమ నిలబడి ఉంటాడు, చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాటాకుల గ్రంథం, ఒకరి చేతిలో దుర్భిణి. వెనుక దూరంగా కార్కళ గోమటేశ్వరుని విగ్రహం. తన చిత్తరువులో తన పండితులకూ, బంట్రోతుకూ చోటిచ్చిన దొరలు ఎందరున్నారు?

1817లో కలకత్తా వెళ్ళాడు. సేకరించినదంతా వర్గీకరించి, అచ్చుకు సిద్ధం చేసి, స్కాట్లండు వెళ్ళిపోదామన్నది ఆయన కోరిక. కాలం చాలలేదు. ఆరోగ్యం చెడి, గాలి మార్పు కోసం హుగ్లీ నది మీద పడవలో వెళ్తుండగా 1821 మే 8న కన్నుమూశాడు. కలకత్తాలోని సౌత్ పార్కు వీధి శ్మశానవాటికలో సమాధి చేశారు. ముప్పైఎనిమిదేళ్ళ క్రితం వదిలిన పుట్టినగడ్డను మళ్ళీ చూడనేలేదు.

ఆయన వదిలివెళ్ళిన సంపద లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వివిధ భాషల గ్రంథాలు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్ళు 8,076, చిత్రాలు 2,630, నాణేలు 6,218. ప్రభుత్వం ఆయన భార్యకు పదివేల పౌన్లు ఇచ్చి వీటిని కొనింది. హెచ్. హెచ్. విల్సన్ అనే పండితుడు 1828లో జాబితా తయారుచేశాడు. కొంత భాగం లండన్ వెళ్ళింది, కొంత మదరాసుకు తిరిగివచ్చింది. మదరాసుకు వచ్చిన తెలుగు కాగితాలు చెదలు పట్టిపోతుంటే, వాటికి శుద్ధప్రతులు రాయించి కాపాడినవాడు మన సి. పి. బ్రౌన్. 1946లో నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్యగార్లు విజయనగర చరిత్రకు ఆధారాలు కూర్చినప్పుడు ఈ కైఫీయతులు ఎంతో అక్కరకు వచ్చాయి. మన కాలంలో కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను సంపుటాలుగా వెలువరించింది.

లక్ష్మయ్య సంగతి ఏమయింది? దొర పోయాక ఆ పనిని తానే కొనసాగిస్తానని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. పాతికేళ్ళ అనుభవం ఉంది, ఏ కాగితం ఎక్కడ దొరికిందో, ఎవరు చెప్పిందో తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. సేకరించడం వరకు సరే, గుణదోష విచారణ దేశీయులకు చేతకాదని వారి అభిప్రాయం. ఆ పనిని మదరాసులోని ఒక ఇంగ్లీషు పాదిరిగారికి అప్పగించారు. ఆయన రాసినదానిని తర్వాతి పండితులు ఎన్నోచోట్ల తప్పుపట్టారు. తలుపు తీసినవాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టడమంటే ఇదే. పాదిరి వృత్తిలో ఉన్న నాకు ఈ భాగం చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మనకు మిగిలిన ప్రశ్న

మెకంజీని ఎలా తూచాలి? ఆయన పటాలు కంపెనీ శిస్తుకూ, సైన్యానికీ ఉపయోగపడ్డాయి. ఇది కాదనలేం. ఆయన సేకరణ లేకపోతే మన ఊళ్ళ చరిత్రలో పెద్ద భాగం మట్టిలో కలిసేది. ఇదీ కాదనలేం. ఒకదాన్ని చూపి రెండోదాన్ని దాచడం న్యాయం కాదు. పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో మాకొక ప్రశ్న పదేపదే ఎదురయ్యేది. ఒక వస్తువును తెలుసుకోవడానికీ, ఒక మనిషిని తెలుసుకోవడానికీ తేడా ఏమిటి అని. వస్తువు మనం అడిగినదానికి ఎదురు చెప్పదు. మనిషి చెబుతాడు. నువ్వు అనుకున్నది తప్పు అని మన ముఖాన చెప్పే అవకాశం ఎదుటివానికి ఇచ్చినప్పుడే మనం అతన్ని తెలుసుకున్నట్లు. మెకంజీ గొలుసు నేలను వస్తువుగా కొలిచింది. ఆయన పంపిన బొర్రయ్య ఊరివాడి ముందు కూర్చొని, చెప్పండి అన్నాడు. ఆ రెండూ ఒకే ఉద్యోగంలో ఒకే మనిషి చేయించిన పనులు. ఇంజనీరు రాయబారిగా మారింది ఆ రెండో పనిలోనే. ఎక్కడెక్కడ ఆ రెండో పని మరచిపోయాడో, యోగ్యకర్తలో లాగా, అక్కడ మళ్ళీ వట్టి సైనికుడిగా మిగిలిపోయాడు.

చివరగా నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. గురువుగా అభిషేకం పొందిన కొత్తలో ఒక కొండపల్లెకు వారానికొకసారి వెళ్ళేవాణ్ణి. ఆ ఊళ్ళో ఒక ముసలి కరణంగారు ఉండేవారు. 1984లో ప్రభుత్వం కరణాలను రద్దు చేశాక ఆయనకు ఉద్యోగం పోయింది గాని, ఇంట్లో అటక మీద పాత కాగితాల మూట మిగిలింది. నేను కనిపించినప్పుడల్లా వచ్చి కూర్చోమనేవారు. ఆ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, మాల మాదిగ పేటలు ఎలా ఏర్పడ్డాయో, మా తొలి కుటుంబాలు ఎక్కడినుంచి వచ్చాయో చెబుతానని అనేవారు. నాకు బస్సు తొందర. వచ్చే వారం అనేవాణ్ణి. అలా రెండేళ్ళు గడిచాయి. ఒక వారం వెళ్ళేసరికి ఆయన లేరు. మూట సంగతి అడిగితే, దినకర్మలప్పుడు ఇల్లు శుభ్రం చేస్తూ నీళ్ళపొయ్యిలో వేశామని చెప్పారు ఇంటివారు. వారి తప్పేమీ లేదు. ఆ కాగితాలకు విలువ ఉందని ఎవరైనా వచ్చి అడిగి ఉంటే వారు అలా చేసేవారు కారు. అడగవలసినవాణ్ణి నేను.

సముద్రాలు దాటి వచ్చి, భాష రాక, తోడు వెదుక్కొని, సొంత జీతం ఖర్చుపెట్టి ఒక పరాయివాడు మన తాతల మాట వినడానికి కూర్చున్నాడు. మన ఊళ్ళో, మన భాషలో, ఉచితంగా చెబుతామన్నా కూర్చునే తీరిక మనకు లేకపోయింది. మీ ఇళ్ళల్లో ఎనభై దాటిన పెద్దవారు ఉంటే, ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక నోటుపుస్తకం తీసుకొని వారి పక్కన కూర్చోండి. మన ఊరికి ఈ పేరు ఎందుకు వచ్చిందని మొదటి ప్రశ్న అడగండి. తర్వాతి ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.